ఓరుగల్లు రేవు మోటుపల్లి

వరంగల్‌కు సముద్రం లేదు. మాకు తెలిసిన పెద్ద నీళ్లంటే పాకాల, లక్నవరం, రామప్ప చెరువులే. అయినా ఈ ఊరు కాకతీయుల రాజధానిగా ఉన్న రోజుల్లో దీనికి ఒక రేవు ఉండేది. చీనా కర్పూరం, సింహళం ముత్యాలు, అరబ్బుల గుర్రాలు ఆ రేవులో దిగి, అక్కడి నుంచి బండ్ల మీదా ఎడ్ల మీదా ఓరుగల్లు అంగళ్లకు చేరేవి. దాని పేరు మోటుపల్లి. ఇప్పుడది బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఒక చిన్న పల్లె. వేయి స్తంభాల గుడి గురించి అడిగితే మా ఊళ్ళో బడి పిల్లవాడు కూడా గడగడా చెప్తాడు. మోటుపల్లి పేరెత్తితే మాత్రం పెద్దవాళ్ళు కూడా అదెక్కడిదని అడుగుతారు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను చరిత్ర పంతులును కాను. ఏనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో పద్దులు రాస్తూ బతికినవాణ్ని. మిర్చి, పత్తి, పసుపు సీజన్లలో పొద్దున జెండా పాట అయిందంటే రాత్రి దాకా తల ఎత్తే తీరిక ఉండదు. ఖరీదుదారు ధర చెప్తాడు, దడవాయి కాంటా వేస్తాడు, హమాలీలు బస్తాలు మోస్తారు, నేను తక్‌పట్టీ (లెక్క చీటీ) రాసి రైతు చేతిలో పెడతాను. పరకాల నుంచి వచ్చినా, ములుగు నుంచి వచ్చినా రైతు అడిగేది ఒక్కటే మాట: "అన్నీ పోను నా చేతికెంతొస్తది?" ధర బాగుందని పొద్దున నవ్విన మనిషి, ఆ కోతా ఈ కోతా పోయినాక సాయంత్రం ముఖం ముడుచుకుని బండెక్కడం చాలాసార్లు చూశాను. కోత ఎంతో ముందే తెలిస్తే మనిషి దానికి సిద్ధపడి వస్తాడు. తెలియని కోతకే భయపడతాడు. గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన శాసనం ఏమి చెప్తుందో మొదటిసారి చదివినప్పుడు, ఏడు వందల ఎనభై ఏళ్ల కిందట ఒక రాజుకు ఈ సంగతి ఇంత బాగా తెలుసా అని ఆశ్చర్యపోయాను.

గణపతిదేవుడు 1199లో గద్దెనెక్కేనాటికి కాకతీయుల రాజ్యం మెట్ట రాజ్యం. చెరువులు తవ్వించి, అడవులు కొట్టించి సాగు పెంచుకున్న రాజ్యం. రామప్ప గుడి శాసనం 1213 నాటిది. పాకాల చెరువు కూడా ఆ కాలంలో కట్టిందే. చెరువులతో ధాన్యం వచ్చింది గాని గుర్రాలు రావు కదా. యుద్ధానికి పనికొచ్చే గుర్రాలు ఇక్కడ పుట్టవు, అరబ్బుల నుంచి, పారశీకం నుంచి ఓడల మీద రావాలి. కాబట్టి తీరం కావాలి. పదమూడో శతాబ్దం మొదటి ఏళ్లలోనే గణపతిదేవుడి సేనలు కృష్ణ దాటి తీరాంధ్రకు పోయాయి. అక్కడ ఏలుతున్న వెలనాటి చోడుల బలం సన్నగిల్లింది. కృష్ణ సముద్రంలో కలిసే చోట దివిసీమను ఏలుతున్న అయ్య వంశం వాళ్ళు లొంగారు. గణపతిదేవుడు వాళ్ళ రాజ్యాన్ని తుడిచిపెట్టకుండా వాళ్ళతో వియ్యమందాడు. ఆ ఇంటి ఆడపడుచులు నారాంబను, పేరాంబను పెళ్ళాడి, వాళ్ళ తమ్ముడు జాయపను ఓరుగల్లుకు తెచ్చుకుని చదువు చెప్పించాడు. తర్వాత అతణ్ని గజసాహిణిని, అంటే ఏనుగుల దళానికి అధిపతిని చేశాడు. ఆ జాయపే 1253-54లో నృత్తరత్నావళి రాసిన జాయప సేనాని. రామప్ప గుడి మదనికలను చూసి మురిసే మనం, నాట్యం మీద ఇంత పెద్ద గ్రంథం రాసినవాడు సముద్రపు ఒడ్డున పుట్టిన పిల్లవాడని కూడా తలుచుకోవాలి. తీరం మనకు సరుకులతో పాటు జాయపను కూడా ఇచ్చింది.

మోటుపల్లి అప్పటికే పాత రేవు. చోళుల కాలం నుంచి దానికి దేశియుయ్యకొండపట్టణం అని ఇంకో పేరుంది. తమిళ వర్తకులు అక్కడ బాగా తిరిగారనడానికి ఆ పేరే సాక్ష్యం. అయితే అది కొండల చాటున ఉన్న రేవు కాదు. కృష్ణకు దక్షిణంగా తీరమంతా బల్లపరుపు ఇసుక. పెద్ద ఓడ ఒడ్డుకు ఆనదు. దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, చిన్న పడవలు అలలు దాటి వెళ్లి సరుకు దించుకోవాలి. ఆశ్వయుజ కార్తీకాల్లో తుఫాను లేస్తే ఓడకు ఎక్కడా చాటు దొరకదు. దివిసీమ అనగానే తెలుగువాళ్ళకు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గుర్తుకొస్తుంది. వేల మంది ఒక్క రాత్రిలో పోయారు. ఆ సముద్రం ఆనాడూ అదే సముద్రం.

తుఫానులో చిక్కుకున్న ఓడ వేరే రాజు తీరానికి కొట్టుకొస్తే ఏమయ్యేది? ఒడ్డున ఉన్న రాజు దాన్ని తనదిగా తీసుకునేవాడు. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఓడలో ఏముంటే అది. సముద్రం ఇచ్చిందని వాళ్ళ లెక్క. ఇది తెలుగు రాజుల దురాశ మాత్రమే అనుకోనక్కరలేదు. ఐరోపా తీరాల్లోనూ ప్రభువులు ఇదే పని చేసేవాళ్ళు. ఇంగ్లండులో 1275లో ఒక చట్టం చేశారు. మునిగిన ఓడ నుంచి ఒక మనిషైనా, కుక్కైనా, పిల్లైనా ప్రాణాలతో బయటపడితే, ఆ సరుకును దిక్కులేనిదని రాజు తీసుకోకూడదు, సొంతదారు ఏడాది లోపల వచ్చి అడగొచ్చు. ఉత్తర ఆఫ్రికా రేవు ట్యూనిస్‌ను ఏలిన హఫ్సిద్ సుల్తాను 1230లలో వెనిస్, పిసా, జెనోవా వర్తకులతో ఒప్పందాలు చేసుకున్నాడు. మునిగిన ఓడల మనుషులకూ సరుకులకూ రక్షణ ఇవ్వడం ఆ ఒప్పందాల్లో ఒక షరతు. ఆ కాలంలో సముద్రం మీద బతికే వర్తకుడు ప్రతి రేవులోనూ అడిగిన ప్రశ్న ఇదే అన్నమాట. ట్యూనిస్ ఒక రకంగా, లండన్ ఒక రకంగా దానికి జవాబు చెప్పాయి. ఇంగ్లండు చట్టం కన్నా ముప్పై ఏళ్ల ముందే ఓరుగల్లు తన జవాబు రాతిలో చెక్కించింది.

శక సంవత్సరం 1166, క్రోధి. అంటే 1244-45. మోటుపల్లి వీరభద్రస్వామి గుడిలో ఉన్న ఆ స్తంభ శాసనాన్ని అభయ శాసనం అంటారు. దాని సారం నా మాటల్లో చెప్తాను. పూర్వపు రాజులు ఒక దేశానికని బయలుదేరి గాలివానకు ఇంకో దేశానికి కొట్టుకొచ్చిన ఓడల సర్వస్వం బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కన్నా ధనమే ప్రియమని సముద్రానికి ఎదురుపోయిన వాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా మేము వదిలేస్తున్నాం. ఇదీ గణపతిదేవుడి మాట. ఆ సుంకం ముప్పయ్యో వంతు. వంద రూపాయల సరుకుకు మూడు రూపాయల చిల్లర.

దయ, కీర్తి, ధర్మం అన్న మాటల దగ్గర చరిత్ర పుస్తకాలు ఆగిపోయి రాజును పొగుడుతాయి. పద్దులు రాసినవాణ్ని గనక నేను ఆ తర్వాతి భాగం దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. అక్కడ తెలుగులో సుంకాల పట్టీ ఉంది. గంధం తులానికి ఇంత. కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు అయితే విలువ మీద ఇంత. పన్నీరు, దంతం, జవ్వాది, కర్పూర తైలం, రాగి, సీసం, పట్టుదారం, పగడాలకు ఇంకో లెక్క. మిరియాలది వేరు. పట్టుబట్టలకు మూటకింత. పోకలు లక్షకు ఇంత. తూచి అమ్మేదానికి తూకం లెక్క, ఎంచి అమ్మేదానికి సంఖ్య లెక్క, విలువైనదానికి విలువ లెక్క. ఈ పట్టీ రాసినవాడు కాంటా పక్కన కూర్చున్న మనిషే, నాకందులో సందేహం లేదు. ప్రశస్తి సంస్కృతంలో ఉంది గాని సుంకం తెలుగులో ఉంది. రేవులో మూట విప్పే మనిషికి, మూట లెక్కపెట్టే మనిషికి ఇద్దరికీ అర్థం కావాలి కదా. దారి తప్పి వచ్చిన పరదేశి కూడా ఒక్కసారి చదివించుకుంటే, అన్నీ పోను తన చేతికి ఎంత మిగులుతుందో లెక్క వేసుకోగలడు. గణపతిదేవుడు తక్కువ సుంకం వేశాడని అందరూ మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది, ఎంత వేస్తాడో రాతి మీద ముందే రాసి పెట్టినందుకు. రాసినదాన్ని రేపు కొట్టివేయడం కష్టం. అధికారి మారినా రాయి మారదు.

ఆ మాట నమ్మి ఓడలు వచ్చాయనడానికి సాక్షి దొరికాడు. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో చీనా నుంచి తిరిగి వెళ్తూ 1290ల తొలి ఏళ్లలో ఈ సముద్రం మీదుగా పోయాడు. అతను ముత్‌ఫిలి అని పిలిచిన రాజ్యం మనదే. రేవు పేరు రాజ్యం మొత్తానికి పెట్టేశాడు. సముద్రం మీద వచ్చినవాళ్ళకు ఓరుగల్లు కన్నా మోటుపల్లే తెలుసునన్నమాట. ఈ రాజ్యాన్ని ఒక రాణి నలభై ఏళ్లుగా న్యాయంగా ఏలుతోందని, ప్రజలు ఆమెను ఎంతో ప్రేమిస్తారని రాశాడు. భర్త పోయిన రాణి అని అతను విన్నాడు. ఆ రాణి గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి. 1289లో ఆమె మరణించిందని నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం చెప్తుంది. అంటే ఆ యాత్రికుడి చెవిన ఆమె పేరు పడేనాటికి ఆమె లేదు. పోయిన తర్వాత కూడా రేవుల్లో ఓడవాళ్ళు ఆమె పాలన గురించి మంచిగా చెప్పుకుంటున్నారు. తండ్రి ఇచ్చిన అభయాన్ని కూతురు తప్పలేదని నేను దీన్నిబట్టి అనుకుంటాను.

మార్కో పోలో ఇంకో రెండు సంగతులు రాశాడు. ఒకటి వజ్రాలు. లోయల్లోకి మాంసం ముద్దలు విసిరితే వజ్రాలు అంటుకుంటాయని, గద్దలు వాటిని పైకి తెస్తాయని విన్న కథంతా రాసుకున్నాడు. కథ ఎలా ఉన్నా కృష్ణ ఒడ్డున వజ్రాలున్న మాట నిజం. రెండోది బట్ట. సాలెపురుగు గూడు లాంటి సన్నని నేత ఇక్కడ ఉందని, రాజులూ రాణులూ కట్టుకోదగినదని మెచ్చుకున్నాడు. వజ్రాల కథనే లోకం గుర్తు పెట్టుకుంది. మా కొత్తవాడ నేతగాళ్ళ మధ్య పెరిగిన నాకు మాత్రం ఆ రెండో సంగతే ముఖ్యం. మోటుపల్లి పక్కనే ఉన్న చీరాల, వేటపాలెం ఇప్పటికీ మగ్గాల ఊళ్ళు. చీరాల తేలియా రుమాళ్ళు ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఓడలెక్కి అరబ్బు దేశాలకూ ఆఫ్రికాకూ పోయాయి. నూలును నూనెలో, ఆముదం కాయల బూడిద నీళ్లలో నానబెట్టి అద్దిన ఎరుపు ఎండకు వెలిసేది కాదు. ఇప్పుడా విద్య మన నల్లగొండ వైపు పుట్టపాకలో బతికి ఉంది. తీరంలో వాడిన పని మెట్టలో నిలిచింది.

మోటుపల్లిలో దిగిన సరుకు ఓరుగల్లు చేరడానికి చాలా రోజుల నడక. రైలు మార్గంలో లెక్క వేసినా సుమారు మూడు వందల కిలోమీటర్లు. దారిలో కృష్ణ దాటాలి. ఎద్దు వీపు మీద రెండు వైపులా వేలాడే పెరికెల్లో ఉప్పు, పోకలు, మిరియాలు వచ్చేవి. ఓరుగల్లు అంగళ్ల సుంకాలు చెప్పే శాసనం ఒకటుంది. అందులో ధాన్యం, నువ్వులు, పసుపు, అల్లం లాంటి ఇంటి సరుకుల పక్కనే గంధం, ముత్యాలు, పట్టు కనిపిస్తాయి. ఆ అంగడి ఉన్న మట్టెవాడ ఇప్పటికీ మట్టెవాడే. ఆ వీధిలో నడిచేటప్పుడు ఇక్కడికి సముద్రం వచ్చేదని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.

1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ చేతిలో ఓరుగల్లు పడిపోయింది. కాకతీయుల చివరి రాజు ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున ఆయన ప్రాణం పోయింది. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. ఉత్తర ఆఫ్రికాలోని టాంజియర్ రేవులో పుట్టిన యాత్రికుడు ఇబ్న్ బతూతా పదేళ్ల తర్వాత ఢిల్లీకి వచ్చి, తిలంగ్ (తెలుగు నేల) దండయాత్రలో ఉలుగ్ ఖాన్ చేసిన తిరుగుబాటు కథ విని రాసుకున్నాడు. ఓరుగల్లు అప్పటికి ఒక కథ అయిపోయింది.

రాజధాని పోయినా రేవు పోలేదు. అద్దంకి నుంచి, తర్వాత కొండవీటి నుంచి ఏలిన రెడ్డి రాజులు దాన్ని నిలబెట్టారు. అనపోతారెడ్డి 1358లో మోటుపల్లిలో ఇంకో శాసనం వేయించాడు. ఈసారి సంస్కృతం, తెలుగుతో పాటు తమిళంలో కూడా. రేవులో స్థిరపడదామని వచ్చిన వర్తకులను భూమి ఇచ్చి ఆదరిస్తామని, పోదామన్నప్పుడు అడ్డుపడమని, కొడుకులు లేకుండా చనిపోయినవాడి ఆస్తి తీసుకునే అపుత్రిక పన్ను వదిలేస్తున్నామని అందులో ఉంది. పాత అభయాన్ని ఒక మెట్టు పైకి తీసుకుపోయాడు. గణపతిదేవుడు దారి తప్పి వచ్చినవాణ్ని దోచనన్నాడు, అనపోతారెడ్డి వచ్చి ఉండమన్నాడు. ఆ తరం ఫలితం శ్రీనాథుడి హరవిలాసంలో కనిపిస్తుంది. ఆ కావ్యం అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయసెట్టి ఓడ వర్తకుడు. అతను తెప్పించిన సరుకుల వరసలో సింహళం ఏనుగులు, హురుముంజి (హోర్ముజ్) గుర్రాలు, చీనా పట్టు ఉన్నాయి. వసంతోత్సవాల్లో కర్పూరం వెదజల్లి కర్పూర వసంతరాయలనిపించుకున్న అదే వంశపు రాజు కుమారగిరి రెడ్డికి కర్పూరం సమకూర్చింది ఇలాంటి సెట్లే.

ఆ తర్వాత మోటుపల్లి మెల్లగా వెనకబడింది. కొండవీడు పోయింది. గోల్కొండ సుల్తానుల కాలానికి మచిలీపట్నం పెద్ద రేవైంది. డచ్చివాళ్ళు 1605-06లో మచిలీపట్నం, నిజాంపట్నాలకు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నానికి వచ్చారు. మోటుపల్లి వైపు చూసినవాళ్ళు లేరు.

నేను వెళ్లినప్పుడు చినగంజాం దగ్గర ఉప్పు మడులు ఎండలో తెల్లగా కళ్ళు చెదిరేలా ఉన్నాయి. ఊరు దాటితే సరుగుడు తోటలు, రొయ్యల చెరువులు, ఆ తర్వాత ఇసుక. సముద్రం దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనతో మాట కలిపాను. "వరంగల్ నుంచి దీనికోసం వచ్చారా అండీ? ఈ గుళ్ళో రాళ్ళు చూడ్డానికి అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వస్తారండీ, ఫొటోలు తీసుకుపోతారు" అన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు వేట నిషేధమని, ఆ రెండు నెలలూ అప్పుతోనే గడుస్తాయని చెప్పాడు. మిగతా రోజుల్లో పట్టిన చేప ఒడ్డునే పాట పాడి అమ్ముతారట. పెట్టుబడి పెట్టినవాడికి పట్టుబడిలో ముందు వాటా. "ఎంత పడిందన్నది కాదండీ, ఎంత మిగిలిందన్నదే" అన్నాడు. ఏనుమాములలో నేను రోజూ విన్న ప్రశ్న, ఆ గుడిలో రాయి జవాబు చెప్పిన ప్రశ్న, అదే ఊరి ఒడ్డున ఇంకా తిరుగుతోంది.

రొయ్యల రైతుల కథ మరీ ఘోరం. ఈ తీరం రొయ్య ఎక్కువగా అమెరికాకు పోతుంది. 2025లో అమెరికా భారత సరుకుల మీద అదనపు సుంకాన్ని ఏప్రిల్‌లో పది శాతంతో మొదలుపెట్టి, ఆగస్టు 7న ఇరవై అయిదుకు, 27న యాభైకి పెంచింది. చెరువులో పిల్ల వదిలినప్పుడు ఒక సుంకం, అది ఎదిగి వల వేసేనాటికి ఇంకో సుంకం. మూడు నాలుగు నెలల పంట కాలంలో మాట ఇన్నిసార్లు మారితే రైతు ఏ లెక్క వేసుకుంటాడు? ముప్పయ్యో వంతుకు మించి తీసుకోనని రాతిలో చెక్కిన ఊరి చుట్టూ ఉన్న చెరువుల్లో ఈ పంట పండింది. నాకు అక్కడ నిలబడి కోపమే వచ్చింది.

మళ్ళీ రేవు కడతామన్న మాట కూడా ఈ తీరం విన్నది. 2008లో వాడరేవు, నిజాంపట్నం పేర్లతో గల్ఫ్ ఎమిరేట్ రాస్ అల్ ఖైమా భాగస్వామ్యంలో రేవులు, పరిశ్రమల నడవా కడతామని ప్రకటించి వేల ఎకరాలు సేకరించారు. రేవు రాలేదు, కేసులు వచ్చాయి, భూములు పోయినవాళ్ళు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. రెడ్డి రాజు వర్తకుణ్ని పిలిచి భూమి ఇస్తానన్న తీరంలో, మన కాలం రైతు భూమి తీసుకుని మాట నిలుపుకోలేదు.

ఇక మా వైపు చూస్తే, వరంగల్ మళ్ళీ సముద్రం వెతుక్కుంటోంది. గీసుగొండ, సంగెం మండలాల్లో 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో కొరియా కంపెనీ బట్టలు కుట్టించి విదేశాలకు పంపాలని వచ్చింది. తెలంగాణకు తీరం లేదు కాబట్టి డ్రై పోర్టు కట్టి బందరు (మచిలీపట్నం) రేవుతో కలపాలని ప్రభుత్వం అంటోంది. మంచిదే. అది కట్టేవాళ్ళు ఒక్కసారి మోటుపల్లి శాసనం చదవాలని నా కోరిక. గోదాములు, క్రేన్లు ఎవరైనా కట్టగలరు. కంటైనర్ తలుపు తెరవక ముందే ఏ సరుకుకు ఎంత పడుతుందో తెలుగులో, గేటు దగ్గర, అందరికీ కనిపించేలా రాసి పెట్టాలి. రాసినదానికి పైసా మించి తీసుకోకూడదు. ఏనుమాముల గేటు దగ్గర కూడా అదే పని చేయొచ్చు. అభయ శాసనం అచ్చు నకలు ఒకటి తెచ్చి మార్కెట్ కమిటీ ఆఫీసు గోడకు తగిలించి, దాని పక్కనే ఈనాటి కోతలన్నీ రాస్తే, రైతుకు తక్‌పట్టీ చేతికి వచ్చేదాకా ఎదురుచూసే పని ఉండదు.

వరంగల్ బడుల వాళ్ళు ఏటా పిల్లల్ని రామప్పకు, లక్నవరానికి తీసుకుపోతారు. ఒక్క ఏడాది మోటుపల్లికి తీసుకుపొండి. వరంగల్‌లో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చీరాలలో దిగొచ్చు. అక్కడి నుంచి వేటపాలెం మీదుగా ఆటోలో వెళ్లొచ్చు. వేటపాలెంలో 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది, దారిలో అదీ చూపించండి. మోటుపల్లిలో వీరభద్రస్వామి గుడి స్తంభం దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టి, సుంకాల పట్టీ మొత్తం గట్టిగా చదివించండి. తిరిగొచ్చాక మట్టెవాడలో ఒక సాయంత్రం తిప్పండి.